పదకొండు లింకులు, ఒక్క సాక్షి

గోలకొండ పత్రిక 1926 మే 10న మొదలైంది. సురవరం ప్రతాపరెడ్డి గారి పత్రిక. తెలుగు ఎం.ఏ. చేసినవాళ్ళను నిద్రలో లేపి అడిగినా ఆ సంవత్సరం చెప్తారు. నేనూ తెలుగు ఎం.ఏ.నే. అయినా "1908 అక్టోబరు నాటి గోలకొండ పత్రిక" రాసిన వార్త అంటూ రెండు వాక్యాలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, మూడడుగుల వెడల్పు ఫ్లెక్సీ మీద ఎర్రక్షరాలతో అచ్చు వేయించాను.

నల్లకుంటలో ఉంటాను. అనువాదాలు, ప్రూఫులు, అప్పుడప్పుడు స్కూళ్ళకూ సంస్థలకూ తెలుగు రాసిపెట్టడం, ఇదీ నా సంపాదన. సెప్టెంబరు మొదట్లో ఒక స్కూలు వాళ్ళు పిలిచి, 28న మూసీ వరద మీద ఎగ్జిబిషన్ పెడుతున్నాం, పద్నాలుగు ఫ్లెక్సీలకు మ్యాటర్ కావాలి మేడం అన్నారు. 1908లో సరిగ్గా అదే తేదీన మూసీ పొంగి హైదరాబాదును ఊడ్చేసింది. ఉర్దూలో దాన్ని తుగ్యానీ సితంబర్ అంటారు. నాకిచ్చిన టైము తొమ్మిది రోజులు.

పదేళ్ళ కిందటైతే ఇలాంటి పనికి నా పద్ధతి ఒకటుండేది. గూగుల్‌లో నాలుగు రకాలుగా వెతకడం, వచ్చిన లింకుల్లో ఆరు తెరవడం, రెండు చదవడం, మిగతాదానికి లైబ్రరీకి వెళ్ళడం. ఏ మాట ఎక్కడ దొరికిందో నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. శ్రద్ధ కొద్దీ ఏం కాదు, మళ్ళీ వెతికితే దొరకదేమోనన్న భయంతో.

ఈసారి మా అబ్బాయి అలా చేయనివ్వలేదు. గచ్చిబౌలిలో ఉద్యోగం, ఇంట్లో ప్రతిదానికీ వాడి దగ్గర ఒక యాప్ ఉంటుంది. "అమ్మా, ఇంకా ట్యాబులు తెరుచుకుంటూ కూర్చుంటావా?" అని నా ల్యాప్‌టాప్‌లో ఒక ఏఐ ఏజెంట్ పెట్టి, తన అకౌంట్‌తోనే లాగిన్ చేసి ఇచ్చాడు. ఏజెంట్ అంటే మనమడిగిన ప్రశ్నను తానే ముక్కలు చేసుకుని, ఒక్కో ముక్కకూ వెతికి, పేజీలు తెరిచి చదివి, చాలకపోతే మళ్ళీ వెతికి, చివర రిపోర్టు రాసిచ్చే ఏఐ. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఉత్తరాలకూ ఈమెయిళ్ళకూ ఏదో ఒకటి వాడుతూనే ఉన్నాను కానీ, ఇలా నా తరఫున వెతికిపెట్టేదాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

తెలుగులోనే అడిగాను. "1908 మూసీ వరద గురించి పూర్తి వివరాలు కావాలి. కారణాలు, నష్టం, తర్వాత కట్టిన జలాశయాలు, అప్పటి తెలుగు పత్రికలు ఏం రాశాయి." పక్కన అది చేస్తున్న పని ఒక్కో లైనుగా కనిపిస్తోంది. అప్పుడే ఒకటి గమనించి ఉండాల్సింది. నేను తెలుగులో అడిగిన ప్రశ్నను అది ఇంగ్లిష్‌లోకి మార్చుకుని ఇంగ్లిష్‌లోనే వెతుకుతోంది. ఒకే ఒక్కసారి తెలుగులో ఏదో వెతికి, ఏమనుకుందో ఏమో, మళ్ళీ ఇంగ్లిష్‌కి వెళ్ళిపోయింది. నేను టీ పెట్టుకుని వచ్చేసరికి పని అయిపోయింది. పద్నాలుగు నిమిషాలు. తొమ్మిది పేజీల రిపోర్టు, కింద పదకొండు లింకులు, చక్కటి తెలుగు. నాలుగు రోజుల పని మంచినీళ్ళు తాగినంత సులువుగా అయిపోయిందని సంబరపడ్డ మాట నిజం.

మొదటి మూడు ఫ్లెక్సీలకు అందులోంచే మ్యాటర్ దించి, కొంచెం భాష సరిచేసి, ప్రింటింగుకి పంపాను. మర్నాడు సాయంత్రానికి చుట్టలు చుట్టి ఇంటికి వచ్చాయి.

ఆదివారం మా పెద్దనాన్న, పెద్దమ్మ భోజనానికి వచ్చారు. పెద్దనాన్న తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యారు. గోడకు ఆనించిన చుట్ట విప్పి, అద్దాలు పైకి నెట్టుకుని నెమ్మదిగా చదివారు.

"ఇది ఎక్కడ దొరికిందమ్మా?"

"నెట్‌లో, పెద్దనాన్నా."

"గొప్ప పత్రికే. పుట్టడానికి పద్దెనిమిదేళ్ళ ముందే వార్త రాసింది."

పెద్దమ్మకు అర్థం కాలేదు కానీ నా మొహం చూసి నవ్వు ఆపుకుంది. నాకు అన్నం సహించలేదు. ఆ ఫ్లెక్సీలు మళ్ళీ వేయించడానికి 1,800 నా చేతి నుంచే పడ్డాయి. దానికంటే నన్ను కుదిపింది, ఆ సంవత్సరం నాకు తెలిసి ఉండి కూడా కన్ను దాని మీద నుంచి జారిపోవడం. నేనే వెతికి పట్టుకున్నదైతే ఆగేదాన్ని. నీటుగా, నంబరు వేసిన లింకుతో వచ్చేసరికి ఆగలేదు.

ఆ రాత్రి ఏజెంట్‌నే అడిగాను, ఈ వార్త ఎక్కడిది అని. క్షమాపణలు బోలెడు చెప్పింది. చెప్పి, "సరైన సమాచారం ఇదీ" అంటూ ఇంకో పత్రిక పేరు, ఇంకో తేదీ, ఇంకో రెండు వాక్యాలు ఇచ్చింది. మొదటి తప్పుకంటే ఇది చూసి ఎక్కువ భయమేసింది.

ఎందుకిలా చేస్తుందని మా అబ్బాయిని పట్టుకున్నాను. వాడు చెప్పింది నా మాటల్లో చెప్తాను. ఈ ఏఐల వెనక ఉండే భాషా నమూనాలు (లాంగ్వేజ్ మోడల్స్) నేర్చుకున్నది, ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో. వెతికితే పేజీలు దొరికినప్పుడు వాటిని పట్టుకుని రాస్తుంది. ఏ పేజీలోనూ లేనిదాన్ని అడిగినప్పుడు కూడా దాని చేయి ఆగదు. "హైదరాబాదు, పాతకాలం, తెలుగు పత్రిక" అన్న మూడు మాటల పక్కన కూర్చోడానికి గోలకొండ పత్రికను మించిన పేరు ఏముంది? పైగా నెట్‌లో తెలుగు మ్యాటర్ ఇంగ్లిష్‌తో పోలిస్తే ఏ మూలకూ రాదు. అంటే తెలుగు ప్రశ్న దగ్గరే దానికి ఖాళీలు ఎక్కువ, మనమేమో అక్కడే దాన్ని ఎక్కువ నమ్ముతాం, మన భాషలో మాట్లాడుతోందని.

మర్నాడు పొద్దున్నే కూర్చుని పదకొండు లింకులూ తెరిచాను. ఆ పని ముందే చేయాల్సింది. నాలుగు గంటలు పట్టింది.

రెండింటికి వరదతో సంబంధమే లేదు, చార్మినార్ టూర్ ప్యాకేజీలు. మిగతా తొమ్మిదీ చదువుతుంటే ఒక వాక్యం పదే పదే ఎదురైంది: వరద తర్వాత మూసీ మీద ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అనే రెండు జలాశయాలు కట్టారని. 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ మూసీ మీదే. 1927 నాటి హిమాయత్ సాగర్ మాత్రం మూసీకి ఉపనది అయిన ఈసీ మీద ఉంది. గండిపేట వైపు పిక్నిక్‌కి వెళ్ళే పిల్లలకు కూడా తెలిసే విషయం. ఈ పొరపాటు ఏడు పేజీల్లో ఉంది. పరీక్షలో ఏడుగురు పిల్లలు ఒకే తప్పు లెక్క, ఒకే కొట్టివేతతో చేస్తే టీచర్‌కి ఏమర్థమవుతుందో నాకూ అదే అర్థమైంది. ఒకరు రాశారు, మిగతావాళ్ళు చూసి ఎక్కించారు. ఏజెంట్ మాత్రం ఆ ఏడింటినీ ఏడు ఆధారాలుగా లెక్కపెట్టుకుని, "అనేక మూలాలు ధ్రువీకరిస్తున్నాయి" అని రాసింది.

తొమ్మిదో లింకు దగ్గర ఇంకో సంగతి. తెలుగు పేజీ అది. చదువుతుంటే వాక్యాల నడక ఎక్కడో విన్నట్టుంది. "జలప్రళయం సద్దుమణిగాక పాలకుల కళ్ళు తెరుచుకున్నాయి" అనే వాక్యం దగ్గరికి వచ్చేసరికి గుర్తొచ్చింది. నేను రాసిందే! ఎనిమిదేళ్ళ కిందట ఎవరో ఒక టూరిజం పేజీకి ఇంగ్లిష్ నుంచి చేసిపెట్టమంటే, నాలుగు వందలకి ఒక పూటలో చేసి ఇచ్చాను. పేరు వేయలేదు, నేనూ అడగలేదు. అందులో హిమాయత్ సాగర్ మూసీ మీదే ఉంది. ఇంగ్లిష్‌లో ఉన్నది ఉన్నట్టు దించాను, సరిచూడలేదు. ఆ మాటే ఏఐ నోట తిరిగి నా దగ్గరికే ఆధారంగా వచ్చింది. కాసేపు ల్యాప్‌టాప్ మూసి కూర్చున్నాను.

చనిపోయినవాళ్ళ సంఖ్య సంగతి ఇంకా ఘోరం. రిపోర్టు మూడో పేజీలో 15 వేలు, ఏడో పేజీలో 50 వేలు. రెండూ ఒకే రిపోర్టులో, ఒకే ధీమాతో. ఎక్కువచోట్ల కనిపించేది 15 వేలే. నా ఫ్లెక్సీలో "దాదాపు 15 వేల మంది అని అంచనా" అని రాసి, అంచనా అన్న మాటను బోల్డ్ చేయించాను.

అక్కడి నుంచి పద్ధతి మార్చాను. దాన్ని వెతకమనడం తగ్గించి, నేను వెతికి తెచ్చింది దానికిచ్చి చదివించడం మొదలుపెట్టాను. వరద తర్వాత 1909లో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది కదా. ఆయన 1951లో "మెమోయర్స్ ఆఫ్ మై వర్కింగ్ లైఫ్" అని జ్ఞాపకాలు అచ్చు వేశారు, అందులో హైదరాబాదు పని గురించి ఉంది. దాని స్కాన్ సంపాదించి ఇచ్చి ఇలా అడిగాను: "ఈ పుస్తకంలో ఉన్నదే చెప్పు. ప్రతి మాటకూ పేజీ నంబరు వెయ్యి. లేకపోతే లేదని చెప్పు." అదే ఏజెంట్, వేరే మనిషిలా ప్రవర్తించింది. మూసీ పరీవాహకంలో 788 చెరువులు, అంటే ఇంచుమించు చదరపు మైలుకొక చెరువు, వాటిలో 221 తెగిపోయాయి. వాన ఒక్కటే ముంచలేదన్నమాట, పైనున్న చెరువు తెగి కిందున్న చెరువు మీద పడుతూ వచ్చింది. రిపోర్టు తొమ్మిది పేజీల్లో ఎక్కడా లేని ఈ సంగతి నా మూడో ఫ్లెక్సీకి ప్రాణం. పేజీ నంబర్లు మాత్రం ప్రతిసారీ పన్నెండు ఎక్కువ చెప్పేది. ఎందుకా అని చూస్తే, అది పీడీఎఫ్ పేజీలు లెక్కపెడుతోంది, పుస్తకంలో ముందుమాటా విషయసూచికా పోయాక ఒకటో పేజీ మొదలవుతుంది. ఇది తెలిశాక మనసులోనే పన్నెండు తీసేసుకోవడం అలవాటైంది.

పాత తెలుగు పుస్తకాల దగ్గర ఆ సుఖం లేదు. నెట్‌లో స్కాన్లు వేలల్లో ఉన్నాయి కానీ అవి బొమ్మలు, అక్షరాలుగా వెతకడానికి లొంగవు. పేర్లు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కోచోట ఒక్కో తీరు. ఒక పాత సంపుటం పేజీ ఫొటో ఇచ్చి టైపు చేసిపెట్టమన్నాను. అరసున్నలన్నీ ఎగిరిపోయాయి. బండి ఱ ఉన్నచోటల్లా దానికి తోచిన అక్షరం వేసింది. అన్నిటికంటే సరదా, సంవత్సరం. పేజీలో ౧౯౦౮ అని తెలుగు అంకెల్లో ఉంది. తెలుగు సున్న అంకె, మాటలో వచ్చే సున్న చూడటానికి ఒక్కలాగే ఉంటాయి కదా, దాన్ని అక్షరం అనుకుని, ౧ని గ అనుకుని, మొత్తానికి ఏ భాషలోనూ లేని ఒక మాట తయారు చేసింది. పాత అచ్చు చదవడం వచ్చిన మనిషి పక్కన లేకపోతే ఆ పేజీలో సంవత్సరమే మాయం. చివరికి రెండు పేజీలూ నేనే టైపు చేసుకున్నాను. పెద్దనాన్న చదువుతుంటే, నేను కొడుతుంటే, పెద్దమ్మ మధ్యలో మిర్చిబజ్జీలు తెచ్చి పెడుతుంటే.

ఇంక మిగిలింది పత్రికలు. నిజంగా 1908లో ఏ తెలుగు పత్రికలు ఉన్నాయి? సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి వెళ్ళాను. 1901లో పెట్టిన గ్రంథాలయం, వరద నాటికి దానికి ఏడేళ్ళు. అక్కడ కూర్చుని పత్రికల చరిత్ర పుస్తకాలు ముందేసుకుంటే అరగంటలో తేలింది. బందరు నుంచి 1902లో మొదలైన కృష్ణా పత్రిక ఉంది. ఇంకోటి, కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఆంధ్రపత్రిక. బొంబాయిలో వారపత్రికగా మొదలైన తేదీ చూసి పెన్ను కింద పెట్టాను: 1908 సెప్టెంబరు 9. మూసీ పొంగిన నాటికి ఆ పత్రిక వయసు పందొమ్మిది రోజులు. ఇంకా మాటలు సరిగ్గా రాని పసిపత్రిక ఇంత పెద్ద వార్తను ఎలా రాసి ఉంటుంది? ఎవరి చేత తెప్పించుకుని ఉంటుంది? ఆ సంచికలు చూడాలని నాకు పట్టిన పట్టు ఇప్పటికీ వదల్లేదు. ఆ తొమ్మిది రోజుల్లో మాత్రం అవి నా చేతికి రాలేదు.

ఏజెంట్ మీద మరీ చిన్నచూపు ఏర్పడకుండా కాపాడింది ఒక రాత్రి. పదకొండున్నరకి నిద్ర పట్టక, 1908 సెప్టెంబరు 28 ఏ వారం, ఆ రోజుకి మన లెక్కలోనూ హిజ్రీ లెక్కలోనూ ఏం పడుతుంది అని అడిగాను. ఈసారి అది నెట్‌లో వెతకలేదు. చిన్న ప్రోగ్రాం రాసుకుని, అమావాస్య ఎప్పుడో లెక్కకట్టి, మెట్టు మెట్టుగా చూపించింది. సోమవారం. రంజాన్ నెల అప్పుడే మొదలు. ఆశ్వయుజ శుద్ధ తదియ, నవరాత్రుల్లో మూడో రోజు. నేను చదివిన పేజీల్లో ఒక్కటీ ఈ సంగతి ఎత్తలేదు. పొద్దున్నే పెద్దనాన్నకు ఫోన్ చేశాను. ఆయన దగ్గర నూరేళ్ళ పంచాంగం ఉంది. కీలక నామ సంవత్సరం తీసి చూసి, "సరిపోయింది, తదియే" అన్నారు.

వెనక నుంచి పెద్దమ్మ గొంతు. "పెత్రమాస నాడు ఎంగిలిపూలైతే... ఒకటి, రెండు, మూడు... నాలుగో రోజు. నానబియ్యం బతుకమ్మ." ఒక క్షణం ఆగి మళ్ళీ, "మరి ఆ ఏడు బతుకమ్మల్ని ఎక్కడ సాగనంపారో" అంది.

ఫోన్‌లో ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. ఆరో ఫ్లెక్సీకి ఆ ప్రశ్ననే హెడ్డింగు చేశాను. దాని కింద ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ గురించి నాలుగు లైన్లు రాశాను. ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతుర్నీ పోగొట్టుకుని ఒక్కడూ బతికి బయటపడ్డ మనిషి ఆయన. ఇది ఏజెంట్ చెప్పిందే, సరిగ్గానే చెప్పింది. కాకపోతే మూడుచోట్ల చూసుకున్నాకే ఎక్కించాను, ఆ మూడూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి కావని తేల్చుకున్నాక.

ఏజెంట్‌ను మానేశానా అంటే లేదు. ఇప్పుడు దాంతో రోజూ పని చేస్తున్నాను. ఇంగ్లిష్ రిపోర్టుల్లో అంకెలు ఏరడం, తేదీలు లెక్కకట్టడం, "ఈ పేజీకీ ఆ పేజీకీ పొంతన లేని విషయాలు చెప్పు" అని అడగడం, వీటిలో దానికి సాటి లేదు. తెలుగు సంగతైతే ముందే "వెతికేటప్పుడు తెలుగులోనే వెతుకు, దొరక్కపోతే దొరకలేదని రాయి, కొటేషన్ ఇస్తే ఆ పేజీ తెరిచి చూపించు" అని పెడతాను. ఈ మాటలు ఒక ఫైల్లో దాచుకున్నాను, ప్రతిసారీ అతికిస్తాను. మా అబ్బాయి నవ్వుతాడు, పనిమనిషికి కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పవు కదమ్మా అని. లేని గిన్నెలు ఉన్నాయని పనిమనిషి చెప్పదు కదరా అన్నాను. ఆ పాత టూరిజం పేజీ వాళ్ళకు కూడా ఈసీ సంగతి సరిచేయమని మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు.

పత్రికల ఫ్లెక్సీ మాత్రం మిగిలిపోయింది, పదకొండో నంబరు. ప్రింటింగుకి పంపే ముందురోజు దాంట్లో మూడే మూడు వాక్యాలున్నాయి: అప్పటికి కృష్ణా పత్రిక ఉంది. ఆంధ్రపత్రిక పుట్టి పందొమ్మిది రోజులు. ఈ రెండూ వరద గురించి ఏం రాశాయో మేమింకా చూడలేదు. కింద సగానికి పైగా తెల్లగా ఉంది.

స్కూలు నుంచి ఫోన్. "మేడం, పదకొండోది సగం ఖాళీగా వచ్చింది, మర్చిపోయినట్టున్నారు. ఏఐని అడిగితే ఏదైనా రాసిపెడుతుంది కదా?"

"లేదండీ, అక్కడ ఉన్నది అంతే" అన్నాను.

"పోనీ ఏదైనా బొమ్మ పెట్టండి మేడం. ఖాళీగా ఉంటే పేరెంట్స్ ఏమనుకుంటారు?"

ఆ సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి వెళ్ళాను. ఆనాడు నూట యాభై మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఇంకా అక్కడే ఉంది. దాని కింద ఎవరో పేషెంటు తాలూకు వాళ్ళు టిఫిన్ క్యారియర్ విప్పుకుని తింటున్నారు. వాళ్ళు ఫ్రేములోకి రాకుండా పక్కకి జరిగి, కొమ్మల్ని మాత్రం ఫొటో తీసుకుని, పదకొండో ఫ్లెక్సీకి పంపాను.